మల్లీశ్వరి చిత్రము: చరిత్రకథను చూచు విధము



శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వఱకు విజయనగర సామ్రాజ్యమును పాలించెనని మీరు చరిత్రపాఠమున చదివియుందురు. ఉదయగిరి దుర్గము 1514 లోను, కొండవీడు 1515 లోను ఆయనకు వశమయ్యెననియు వ్రాసికొనియుందురు. పరీక్ష ముగిసిన మఱునాడు ఈ సంవత్సరములలో సగము మీ తలలనుండి జాఱిపోవును. అందులకు మిమ్ము నిందింపను. మీ ప్రాయమున నేనును అట్టివాడనే. కాని మీ యింట అవ్వనో తాతనో రాయలవారిని గూర్చి యడిగి చూడుడు. వారు సంవత్సరములు చెప్పరు. వాన కురియుచున్న వేళ, ఒక పాతసత్రము, అందు ఆడుచు పాడుచున్న పడుచు, మాఱువేషమున నిలిచి చూచుచున్న రాజు, ఇవి చెప్పుదురు. అది వారు పుస్తకమున చదివినది కాదు. మల్లీశ్వరి యను చలనచిత్రమున చూచినది.

ఒక్క చిత్రము ఒక రాజ్యకాలమును ఇంతమంది కన్నులలో నిలిపినదన్నచో, దానిని పాఠముగా తీసికొని పరిశీలించుట తప్పు కాదు. పాఠశాల సంచికలో సినిమాను గూర్చి వ్రాయుట యేల యని కొందఱు తల్లిదండ్రులకు తోపవచ్చును. పిల్లలు చిత్రములు చూచుచునే యున్నారు. ఇప్పుడు టాకీసు వఱకు పోవలసిన పనియు లేదు, చేతిలోని ఫోను చాలును. చూచుట మాన్పలేనపుడు, చూచు విధమైనను నేర్పవలసియున్నది.

ఈ చిత్రమును తీసిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు, లోకమున బి. ఎన్. రెడ్డిగా ప్రసిద్ధులు. మనకు పరాయివారు కారు. 1908 లో కడప జిల్లా పులివెందుల తాలూకాలోని కొత్తపల్లెలో జన్మించిరి; మన రాయచోటియు నాడు ఆ జిల్లాలోనిదే. వీరి తమ్ముడు బి. నాగిరెడ్డిగారు. మీ తల్లిదండ్రులు చిన్ననాట చదివిన చందమామ పత్రికను చక్రపాణిగారితో కలిసి 1947 లో వెలువరించినవారు ఆయనయే. బి. ఎన్. రెడ్డిగారు వందేమాతరము (1939), సుమంగళి (1940), దేవత (1941), స్వర్గసీమ (1945) అను చిత్రములను తీసిన పిమ్మట మల్లీశ్వరికి పూనుకొనిరి. వందేమాతరము తీయు దినములలో హంపి శిథిలములను చూచినప్పుడే రాయలకాలపు కథ నొకదానిని తీయవలెనను కోరిక వారికి కలిగినదని చెప్పుదురు. మొండిగోడల నడుమ పుట్టిన ఆ తలంపు చిత్రమై వెలువడుటకు పండ్రెండేండ్లు పట్టినది. 1951 డిసెంబరు 20 వ తేదీన మల్లీశ్వరి విడుదలయ్యెను.

కథ చిన్నదే. వీరాపురమను పల్లెయందు మల్లీశ్వరియు నాగరాజును బావమఱదండ్రు. చిన్ననాటినుండి ఒకరినొకరు విడిచి యుండలేనివారు. నాగరాజు శిల్పి. మల్లి తల్లి నాగమ్మకు ధనముపై ఆశ. చేతిలో కాసు లేని శిల్పికి పిల్లనిచ్చుటకు ఆమె యొప్పుకొనదు. ఒకనాడు వానకు వెఱచి బావమఱదండ్రిద్దఱును ఒక సత్రమున చేఱిరి. అక్కడ మల్లి ఆడి పాడెను. అల్లసాని పెద్దనతో కూడ మాఱువేషమున వచ్చిన రాయలు దానిని చూచి మెచ్చుకొనెను. ఆయన రాజని యెఱుగని నాగరాజు, మీకు రాయలవారితో పరిచయమున్నచో మా మల్లికి రాణివాసమునకు పల్లకి పంపుమని చెప్పుడని వేళాకోళమాడెను. తరువాత అతడు ధనము గడించి వచ్చి మల్లిని పెండ్లాడవలెనని ఊరు విడిచి పోయెను. అతడు లేనివేళ పల్లకి నిజముగనే వచ్చినది. నాగమ్మ పొంగిపోయినది. మల్లి రాణివాసము చేఱినది.

నాగరాజు తిరిగి వచ్చి సంగతి విని మతి చెడినవాడై, శిలలపై ఆమె రూపమునే చెక్కుచు తిరిగెను. అతని నేర్పును చూచినవారు రాణి తిరుమలదేవి నాట్యమండపపు పనికై విజయనగరమునకు గొనిపోయిరి. అచ్చట మల్లియు అతడును మరల కలిసికొనిరి. రాణివాసమున పరపురుషుడు అడుగిడినచో మరణశిక్ష. ఇద్దఱును పట్టుపడిరి. తుదకు రాయలకు తన పల్లకి ఎట్టి వేళాకోళమునుండి పుట్టినదో తెలిసినది. ఆయన క్షమించి వారిని కలిపి పంపెను.

నిరుడు మా తొమ్మిదవ తరగతివారికి ఈ చిత్రమును చూపితిని. ముగిసిన తరువాత పాటలెట్లున్నవి, కట్టడములెట్లున్నవి అని నేను సిద్ధము చేసికొన్న ప్రశ్నలను అడుగబోవుచుండగా, వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "సార్, పల్లకి ఎక్కేముందు మల్లిని ఎవురన్నా అడిగినారా?" అనెను. తరగతి నవ్వినది. ఒక బాలుడు, "రాజు పల్లకి పంపినంక ఇంగ అడిగేదేముండాది?" అని బదులిచ్చెను. నా ప్రశ్నలు నా చేతిలోనే యుండిపోయినవి. ఈ వ్యాసము ఆ బాలిక ప్రశ్నకు నేను ఆలస్యముగా వ్రాయుచున్న జవాబు.

ముందుగా, ఈ కథలో చరిత్ర యెంత? మల్లీశ్వరి, నాగరాజు అనువారు కల్పితులు. రాయలు, పెద్దన, తిరుమలదేవి చరిత్రలోనివారు. రాయలవలన పెద్దన పొందిన అగ్రహారములలో కోకటము మన కడప జిల్లాలోనిదే. ఇంతవఱకు ఎవరైనను చెప్పగలరు. కాని చరిత్రచిత్రమున చూడవలసినది పాత్రల పేళ్లు మాత్రము కాదు, ఆ కాలపు నడవడి. దీనికి మనకొక మంచి సాక్షి యున్నాడు. డోమింగో పేస్ అను పోర్చుగీసువాడు 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చి తాను చూచినదియు విన్నదియు వ్రాసి యుంచెను. ఆ వ్రాతను రాబర్ట్ స్యూయెల్ దొర ఆంగ్లములోనికి మార్చి 1900 లో తన గ్రంథమున ప్రకటించెను.

పేస్ చెప్పిన సంగతులలో నన్ను మిక్కిలి ఆకర్షించినది అంతఃపురస్త్రీలు నాట్యము నేర్చుకొను శాల వర్ణనము. ఆ శాలలో స్తంభముల నడుమనున్న పలకలపై నాట్యకత్తెల బొమ్మలు చెక్కబడియుండెను. ఒక్కొక్క నాట్యము ముగియునప్పుడు ఏ భంగిమలో నిలువవలెనో ఒక్కొక్క బొమ్మ చూపుచుండెను. నేర్చుకొను స్త్రీ మఱచిపోయినచో ఆ పలకవైపు చూచి దిద్దుకొనవచ్చును. పాఠశాలలో గోడకు తగిలించు పటములవంటివన్నమాట! శిల్పియు నాట్యకత్తెయు ఒకరి పనిని మఱియొకరు చదువుకొన్న చోటు అది. చిత్రములో నాగరాజు మండపమున శిలలు చెక్కుచుండగా మల్లి లోపల నున్న సన్నివేశములకు ఇంతకన్న తగిన పునాది యేమి కావలెను? ఈ చిత్రమును వ్రాసినవారికి పేస్ వ్రాత తెలియునో లేదో నేను చెప్పలేను గాని, కల్పన చరిత్రకు దగ్గఱగా వచ్చి నిలిచినది.

అదే పేస్, రాణివాసపు స్త్రీలను పరపురుషులెవ్వరును చూడరాదనియు, రాజానుగ్రహమువలన ఏ ముసలి గొప్పవాడో చూచినచో చూడవచ్చుననియు, వారు బయటికి పోవునపుడు మూసిన పల్లకీలలో పోవుదురనియు వ్రాసెను. లోపల పండ్రెండువేలమంది స్త్రీలుందురని తనకు చెప్పిరట. వారిలో కత్తి డాలు పట్టువారు, కుస్తీ పట్టువారు, బాకాలూదువారు కలరు. పల్లకి మోయు బోయీలును స్త్రీలే. లెక్క నిజమో కాదో యెట్లున్నను, ఒక మాట స్పష్టము: ఆ వాకిలి లోనికి పోవుట సులభము, వెలుపలికి వచ్చుట కష్టము. చిత్రములోని మరణశిక్ష కథ కొఱకు పుట్టించిన భయము కాదు.

ఇక ఈ చిత్రమును నాటివారెట్లు గ్రహించిరి? దీనిని చెప్పుటకు మఱియొక చిత్రమును తలంపవలెను. అదే 1951 వ సంవత్సరమున మార్చి నెలలో పాతాళభైరవి వెలువడెను. తీసినది నాగిరెడ్డి చక్రపాణుల విజయాసంస్థ. దర్శకులు తాడిపత్రివారగు కె. వి. రెడ్డిగారు. రెండింటను నాయకుడు నందమూరి తారకరామారావుగారే. తోటరాముడు మాంత్రికుని గెలిచిన కథకు జనము విరుగబడిరి. 1952 లో బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునకును ఆ చిత్రము పోయినది. మల్లీశ్వరికి అంతటి ధనము రాలేదు. చదువుకొన్నవారు, పత్రికలవారు దీనిని దృశ్యకావ్యమని కొనియాడిరి. మాంత్రికుని గుహనుండి వచ్చిన జనమునకు మాత్రము దీని నడక నెమ్మదిగా తోచియుండును. నిజము చెప్పవలెనన్న, నాకును రెండవ సగమున కొన్నిచోట్ల అట్లే తోచినది. మా తరగతిలో ఇద్దఱు నిద్రపోయిరి కూడ.

అయినను కాలము గడచినకొలది ఈ చిత్రము విలువ పెరుగుచునే వచ్చినది. చైనాదేశమునకు పోయి చీనా భాషలో అనువాదవాక్యములతో ప్రదర్శింపబడెను. 1974 వ సంవత్సరమునకు బి. ఎన్. రెడ్డిగారికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించెను. దక్షిణదేశపు చలనచిత్రరంగమునుండి దానిని పొందినవారిలో వీరే మొదటివారు. 1977 లో వీరు దివంగతులైరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు చలనచిత్రమునకు మొట్టమొదట రచన చేసినది మల్లీశ్వరికే. మాటలు, పాటలు వారివే. సాలూరి రాజేశ్వరరావుగారు సంగీతము కూర్చిరి. భానుమతిగారును ఘంటసాలగారును పాడిరి. ఆ పాటలు నేటికిని మన ఊళ్లలో పెండ్లిపందిళ్లలో వినవచ్చుచున్నవి. కళాదర్శకులు ఎ. కె. శేఖర్‌గారు కట్టించిన వీధులను, మండపములను చూచినచో మదరాసు స్టూడియోలో నిలిపిన కొయ్యయు సున్నమును అని నమ్మబుద్ధి పుట్టదు.

ఒక చిత్రమునకు నాటివారిచ్చిన తీర్పు, నేటివారిచ్చు తీర్పు వేఱువేఱుగా నుండుట తఱచుగా జరుగును. ఇందులకు పెద్ద ఉదాహరణము అమెరికాదేశపు గాన్ విత్ ది విండ్. మార్గరెట్ మిచెల్ 1936 లో ప్రకటించిన నవలను హాలీవుడ్డున సెల్జ్‌నిక్ అను నిర్మాత చిత్రముగా తీసెను. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమును, దక్షిణరాష్ట్రముల దొరలు తమ సిరిసంపదలు కోల్పోవుటను అది చూపును. నిడివి నాలుగు గంటలకు కొంచెము తక్కువ. అందు నాయికగా నటించిన వివియన్ లీ మన డార్జిలింగున పుట్టినది. 1939 డిసెంబరు 15 వ తేదీన అట్లాంటా నగరమున మొదటి ప్రదర్శనము జరుగగా ఊరంతయు తిరునాళ్లవలె నిండెను. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరిలో ఎనిమిది ఆస్కారు బహుమతులు దానికి లభించెను.

అందు ఒకటి దాసి పాత్ర ధరించిన హాటీ మెక్డానియెల్‌కు వచ్చినది. నల్లజాతివారిలో ఆస్కారు పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. కాని జార్జియా రాష్ట్రపు వర్ణభేద శాసనములవలన ఆమె అట్లాంటా ప్రదర్శనమునకు పోలేకపోయెను. బహుమతి పుచ్చుకొన్న రాత్రియు తక్కిన నటులతో గాక వేఱుగా వేసిన బల్లవద్ద కూర్చుండవలసివచ్చెను. చిత్రము దాస్యమును తీయని జ్ఞాపకమువలె చూపినదని, దాసులు తమ దాస్యమునకు సంతసించుచున్నట్లు చిత్రించినదని నల్లజాతివారిలో పలువురు అప్పుడే అనిరి. నాటకకర్త కార్ల్టన్ మాస్ 1940 లో సెల్జ్‌నిక్‌కు బహిరంగలేఖ వ్రాసెను. ఆ మాటలు చప్పట్లలో వినబడలేదు. ఎనుబదియేండ్ల తరువాత, 2020 లో, చిత్రమును ఇంటింట చూపు ఒక సంస్థ దానిని కొన్నాళ్లు తీసివేసి, నాటి చరిత్రను వివరించు ఒక పండితురాలి పీఠికతో మరల చేర్చెను. చిత్రము మాఱలేదు. ప్రశ్న యడుగువారి మాట వినబడుట మొదలైనది, అంతే.

ఈ పోలికను మితిమీఱ లాగరాదు. మల్లీశ్వరి అట్టి అన్యాయమును పొగడిన చిత్రము కాదు. కాని మా తరగతి బాలిక అడిగిన ప్రశ్న ఈ జాతిలోనిదే. కార్ల్టన్ మాస్ దాసులవైపునుండి చూచినట్లు, ఆమె మల్లివైపునుండి చూచినది. మనమందఱమును రాయలవారి క్షమకు కన్నీరు పెట్టుకొందుము. క్షమింపవలసిన నేరము ఎచ్చటినుండి వచ్చినది? ఆ పల్లకి రానిచో నాగరాజు రాణివాసపు గోడ దాటనక్కఱయే లేదు. రాజు పంపినాడు, తల్లి పంపించినది, బావ వేళాకోళముగా కోరినాడు. మల్లిని అడిగినవారు లేరు. కథ తప్పులో పెద్దపాలును తల్లి యాశపైనను, బావ నోటిదురుసుపైనను వేసి, రాజునకు క్షమించు పని నిచ్చినది. ఇది లోపమని నేననుకొనుచున్నాను. నాటి పొగడ్తలలో దీనిని గూర్చిన మాట నాకు కనబడలేదు.

అయితే చిత్రమునకు అనుకూలముగా చెప్పవలసిన మాటయు నొకటి యున్నది, అది నాకు తరువాత తట్టినది. ఈ కథకు మూలములు రెండు. ఒకటి బుచ్చిబాబుగారి రాయలవారి కరుణకృత్యము అను నాటిక. రెండవది దేవన్ శరార్ ఆంగ్లమున వ్రాసి ఇలస్ట్రేటెడ్ వీక్లీలో ప్రకటించిన కథ. దాని పేరునకు చక్రవర్తియు బానిసపిల్లయు అని యర్థము. ఈ రెండు పేళ్లను చూడుడు. మొదటిదానిలో రాజును రాజు దయయు తప్ప వేఱొకరు లేరు. రెండవదానిలో పిల్ల యున్నది గాని పేరు లేదు, రాజు వెనుక నిలిచినది. బి. ఎన్. రెడ్డిగారు రాయలవారి పేరును, కరుణను, సింహాసనమును పక్కనుంచి తమ చిత్రమునకు పల్లెపిల్ల పేరు పెట్టిరి. విజయనగరము చిత్రమును తీయుచు ఇట్టి పేరు పెట్టుట వ్యాపారరీతిచే ఆలోచించువారు చేయు పని కాదు.

పేరే గాక గొంతును గూడ ఇచ్చిరి. రాణివాసమున మల్లికి సంభాషణములు తక్కువ, పాటలు ఎక్కువ. ఆకాశమున పోవు మబ్బుతో బావకు కబురు పంపు గీతము కాళిదాసుని మేఘదూతమును తలపించును. కాని కాళిదాసు కావ్యమున కబురు పంపినవాడు యక్షుడు, పురుషుడు. కృష్ణశాస్త్రిగారు ఇచ్చట ఆ కబురును చెఱలోని స్త్రీ నోటను గూడ పలికించిరి. బంగారు స్తంభముల నడుమ ఆమె పాడునదంతయు, నన్నడిగియుండినచో నేనేమందునో వినుడని చెప్పుటయే. రాజసభ దానిని సంగీతమనుకొని విన్నది. మనమును చాలకాలము అట్లే వింటిమి.

ఈ యేడు హంపికి విహారయాత్ర పోవుటకు మన ప్రధానోపాధ్యాయులు అనుమతించినారు. పేస్ చూచిన నాట్యశాల ఇప్పుడు లేదు. 1565 లో యుద్ధమునందు ఓటమి కలిగిన పిమ్మట ఆ రాజభవనములు నశించినవి, రాతి పునాదులు మిగిలినవి. కాని మహర్నవమి దిబ్బ గోడలపై వరుసలుగా చెక్కిన నాట్యకత్తెలు ఇంకను నిలిచియున్నారు. అచ్చటికి పోవుటకు ముందు మల్లీశ్వరిని మరల ఒకసారి చూచి రండు. సత్రములో నాగరాజు వేళాకోళమాడునపుడు మల్లి మొగమును చూడుడు. పల్లకి వచ్చినపుడు ఎవరెవరు మాటలాడుచున్నారో లెక్కింపుడు.

మా తరగతికి నేను దానిని రెండవసారి చూపితిని. ఈసారి పాటలకు నిద్రపోయినవారు లేరు. ముగిసిన తరువాత ఆ బాలిక, "ఎవురూ అడగలేదు గానీ సార్, ఆ యమ్మి పాటల్లో చెప్పుకునింది గదా" అనెను. బాలుడు మాత్రము ఇంకను ఒప్పుకొనలేదు. రాజుకు ఆ పాట అర్థము కాకుండునా యని వాని వాదము. ఆ వాదమును వారిద్దఱును గంట కొట్టిన తరువాత వేపచెట్టు క్రిందికి గొనిపోయిరి.